నాలుక కింది పొర

మా నర్సమ్మ పోయింది. ఆదివారం పొద్దున కేతేపల్లి నుంచి అత్తమ్మ ఫోన్ చేసి, "బిడ్డా, మన నర్సమ్మ లేదే ఇగ" అంది. ఆ పైన ఏడుపే వినిపించింది. ఒకప్పుడు నర్సమ్మను మా గడప తొక్కొద్దన్నది ఈ అత్తమ్మే.

ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో ఎన్నో ఏళ్లు నర్సుగా పనిచేసిన మనిషి. బాలింత ఉన్న ఇంటికి వస్తే బిడ్డ దగ్గరికి తర్వాత వెళ్లేది. "తల్లి తిన్నదా?" అన్నదే మొదటి మాట. టీ ఇస్తే సగం తాగి, మిగతా సగం చల్లారేదాకా మాకు చీవాట్లు పెట్టేది.

నా కూతురు పుట్టిన పదకొండో రోజు. రొమ్ము అందుకునేది, నాలుగుసార్లు చీకేది, జారిపోయి ఏడ్చేది. నా చనుమొనలు పగిలి రక్తం వచ్చేది. కన్నబిడ్డను ఒళ్లోకి తీసుకోవాలంటేనే భయమేసేది, ఆ మాట ఎవరికీ చెప్పుకోలేకపోయాను. ఆ రోజు పొద్దుటి నుంచి పాప బట్ట తడిసింది ఒక్కసారే.

"గ్రహణం నాడు వంకాయలు కోస్తివి. వద్దంటే వింటివా? గందుకే పిల్ల నాలుక అతుక్కపోయింది" అని అత్తమ్మ తేల్చేసింది. తన పుట్టింటి ఊళ్లో ఒక ముసలామె నాలుక కింది పొరను బ్లేడుతో తెంపి పసుపు అద్దుతుందట. కబురు కూడా పెట్టింది. నేను వద్దనలేదు. ఈ తప్పు నాదే, దాచను. పాప పాలు తాగితే చాలు, ఎవరు కోస్తేనేం అనుకున్నాను.

ముసలామె వచ్చి వాకిట్లో చెప్పులు విడుస్తుండగానే, భుజాన తూకం కాంటాతో నర్సమ్మ వచ్చింది. పాపను జోలెలో వేసి తూచింది. పుట్టినప్పటి బరువు కూడా లేదు. చేతులు కడుక్కుని వేలితో నాలుక ఎత్తబోయింది. కింది పొర కొసదాకా పట్టేసి ఉంది, నాలుక లేవలేదు.

"గ్రహణం నాడు నేనైతే కోడినే కోసిన. నా కొడుకు వకీలైండు" అంది, మళ్లీ గ్రహణం మాటెత్తిన అత్తమ్మతో. అంతలో ముసలామె చేతిలో బ్లేడు చూసింది. "అక్కా, ఆ బ్లేడు లోపల పెట్టమను."

"మా ఇంట్ల పిల్లలందరికి గట్లనే చేసిండ్రు. వద్దనెతందుకు నువ్వెవరు? ఇగ మా గడప తొక్కకు!"

నర్సమ్మ పాపను కిందికి దించలేదు. "సరే, తొక్కను. పిల్లను తీస్కొనే పోత, నల్లగొండ దవాఖానకు. నువ్వు గూడ రా, అక్కా."

అత్తమ్మ గొణుగుతూనే వెంట వచ్చింది, ముగ్గురం బయలుదేరాం. నార్కట్‌పల్లిలో బస్సు మారేటప్పుడు నర్సమ్మ హోటల్లో వేడినీళ్లు అడిగి గ్లాసు, చెంచా కడిగింది. నాతో పాలు పిండించి బస్సులో చెంచాతో పట్టింది. సగం బయటికే కారిపోయాయి. పాప కళ్లు మూస్తే అరికాలు గిల్లి, "లే బిడ్డా, పండకు" అనేది. పాప ఏడుపు సన్నబడిపోయింది.

అప్పుడే చెప్పింది. కొత్తగా నౌకరీలో చేరిన రోజుల్లో ఒక ఇంట్లో ఇలాగే బ్లేడు పెడుతుంటే, పెద్దలకు ఎదురు చెప్పలేక నిలబడి చూసిందట. "రక్తం ఆగలే. నేను నోరు మూసుకున్న, బిడ్డా. అప్పటిసంది ఎవ్వరింట్ల మూస్తలేను." ఆ పసిబిడ్డ ఏమైందని నేను అడగలేదు.

దవాఖానలో డాక్టరమ్మ ముందు కత్తెర తీయలేదు. నన్ను పాలివ్వమని, పక్కనే కూర్చుని చూసింది. "పొర ఉన్న పిల్లలందరికీ కోయం. పాలు మంచిగ తాగితే వదిలేస్తం. ఈ పాపకు మాత్రం కోయాలె" అంది. పాపను గుడ్డలో చుట్టారు. నర్సమ్మ పాప తల కదలకుండా పట్టుకుంది. నేను చూడలేక గోడవైపు తిరిగాను. ఒక్క కేక. తిరిగి చూస్తే దూది మీద రెండు చుక్కల రక్తం, అంతే.

"ఇప్పుడు పట్టు" అంది నర్సమ్మ.

నొప్పికి సిద్ధమై పళ్లు బిగించాను. ఆ నొప్పి రాలేదు. నాలుక ముందుకొచ్చి అందుకుంది. గుటక వినిపించింది. ఆగి, ఇంకొకటి. అత్తమ్మ నా భుజం పట్టుకుని ఏడ్చేసింది.

ఆ పాప ఇప్పుడు నాలుగో తరగతి, ఇంట్లో ఎవరినీ మాట్లాడనివ్వదు. ఊళ్లో వాళ్లు నర్సమ్మ గురించి ఎన్నో చెబుతారు. నాకు మాత్రం ఆ రోజు దవాఖాన గదిలోని ఆమే గుర్తొస్తుంది. అంతసేపు అందరికీ ధైర్యం చెప్పిన మనిషి, నేల మీద కూలబడింది. కళ్లు పాప మీదే ఉన్నాయి. పాప గుటక వేసినప్పుడల్లా ఆమె గొంతు కూడా కదులుతోంది.