కొండనీటికి గట్టు

పాతపట్నం అవతల కొండవారనున్న ఊరికి నేను కోడలిగా వచ్చిన కొత్తలో మాట ఇది. అరవయ్యో దశకం ఆఖరు సంవత్సరాలు. మా ఇంటి మొత్తానికి వరి పండే చెక్క ఒక్కటే, కొండ కింది పల్లం. ఏడాది తిండి దానిమీదే. మిగతాదంతా మెట్ట, చోళ్ళూ ఉలవలూ.

ఆ పల్లానికి మేమెన్నడూ పెంట మోసిన పాపాన పోలేదు. తొలకరి వాన పడగానే మావ పార పుచ్చుకుని వెళ్ళి పైగట్టు తెగ్గొట్టేవాడు. ఏడాదంతా కొండమీద రాలి కుళ్ళిన ఆకు ఆ నీటితో నల్లగా, కషాయంలా దిగి మడిలో నిలిచేది. ఇక ఎరువెందుకు? "కొండ పెట్టిన కూడు" అనేది అత్త. ఇంటికొచ్చిన చుట్టాన్ని గుమ్మంలో నిలబెట్టరు కదా, ఆ తొలినీటికీ మా ఊళ్ళో ఎవరూ అడ్డం పెట్టేవారు కాదు.

ఆ యేడు ఎండల్లో అడివి ఆఫీసు వాళ్ళొచ్చి మా వైపు కొండంతా కొట్టించారు. ఇప్ప, మద్ది, చివరికి కంప కూడా వదల్లేదు. జీడిమామిడి వేస్తారట, కొండకి విలువొస్తుందట. మొదళ్ళు తవ్వుకోమనేసరికి ఊరంతా గునపాలతో ఎక్కింది. వంటచెరుకు ఊరకే వస్తే ఎవరికి చేదు? వేసవి చివరికి కొండ గాట్లు పడిన గుండులా ఎర్రగా మిగిలింది. గాలేస్తే ఆ దుమ్ము అన్నంలో పడేది. నాకు భయమేసి అత్తతో అంటే, "ఏటే నీ బయ్యం? సెట్లు పోతే కొండ పోద్దేటి?" అని నవ్వింది.

తొలకరి రానే వచ్చింది. మావ పార తీశాడు, వెనకే నేనూ వెళ్ళాను. పైనుంచి దిగే నీటి చప్పుడు ఎప్పటిలా లేదు, అందులో రాళ్ళు దొర్లుతున్నాయి.

"మావా, ఈ యేడు వొద్దు. సూడు, నీల్లు ఎర్రగా వస్తన్నాయి," అన్నాను.

"తొలినీల్లు వొద్దంటావేటే? తాతల్నాటి నుంచీ ఏ యేడైనా వొద్దన్నామా?" అని కసిరి గట్టు తెగ్గొట్టాడు.

గండి దానంతటదే పెరిగిపోయింది. వాన వెలిసేసరికి పల్లం నిండా ఎర్ర ఇసుక, గులకరాళ్ళు. అత్త అందులోనే కూలబడి, "ఓలమ్మా, ఇంకేటి తింటాం!" అని ఏడ్చింది. నాకు మావమీదా, అడివి వాళ్ళమీదా ఒకేసారి ఒళ్ళు మండింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే.

మావ మళ్ళీ పార అందుకున్నాడు. మడి నడుమ ఇసుక తవ్వడం మొదలెట్టాడు. మోకాలిలోతు దిగాక పారకి నల్లమన్ను తగిలింది. పిడికిట్లోకి తీసుకుని వాసన చూశాడు. "ఉన్నాదే కోడలా, కిందే ఉన్నాది! ఇసక ఎత్తేత్తే సాలు," అన్నాడు. ముఖం వెలిగిపోయింది.

అంతలో కొండమీద మళ్ళీ ఉరిమింది. మావ తెగిన గట్టుకేసి పరిగెత్తాడు. "రండొరే, అడ్డెయ్యండి! ఆ నీల్లు రానీకండి!" అని ఊరివాళ్ళని కేకలేస్తూ, చేతిలో ఉన్న ఆ నల్లమన్నునే గండిలో కుక్కాడు.