తామర తగ్గింది, కళ్ళు పచ్చబడ్డాయి

ఆ రోజు పొద్దున మూత్రం పాలు పోయని చాయ్ రంగులో వచ్చింది. నీళ్ళు తక్కువ తాగానేమో అనుకున్నాను. అప్పటికే కొన్నాళ్ళుగా అన్నం చూస్తే వికారం. పోపు వాసనకు లేచి వాకిట్లోకి పోయేదాన్ని. బీడీలు చుట్టేదాన్ని కదా, తంబాకు వాసన పడటం లేదేమో అనుకుని ఊరుకున్నాను. వేసుకుంటున్న గోలీల మీద అనుమానమే రాలేదు. ఎందుకొస్తుంది? నన్ను మళ్ళీ మనిషిని చేసినవి ఆ గోలీలే.

మాది కోరుట్ల. నేనూ అత్తమ్మా ఇంట్లో బీడీలు చుడతాం. మా ఆయన సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేస్తాడు, వారానికోసారి వస్తాడు. మా పని పొద్దస్తమానం మఠం వేసుకుని, ఒళ్ళో తంబాకు చాట పెట్టుకుని కూర్చునే పని. ఆ ఎండాకాలం చాట ఆనే చోట, నడుము మీదా తొడల మీదా తామర లేచింది. మెడికల్ షాపులో క్రీము తెచ్చి రాశాను. తగ్గినట్టే తగ్గి, రూపాయి బిళ్ళంత మచ్చ అరచేయంత అయింది. ఆ చోట్లు మగ డాక్టరుకు ఎట్లా చూపించను? గోక్కుంటూ, రక్తం వస్తే కొంగుతో అద్దుకుంటూ నెలలు గడిపాను. చివరికి జగిత్యాలలో ఆడ స్కిన్ డాక్టరు ఉందని తెలిసి పోయాను.

ఆమె లైటు పెట్టి చూసింది. నా క్రీము ట్యూబు తిప్పి చదివి చెత్తబుట్టలో పడేసింది. "ఇండ్ల స్టెరాయిడ్ ఉందమ్మా. నువ్వు తామరను సాకుతున్నవు" అంది. కీటోకొనజోల్ గోలీలు రాస్తూ ఒక్కొక్కటే అడిగింది.

"కామెర్లు ఎప్పుడన్న అయినయా? వేరే గోలీలు ఏమన్న వాడుతున్నవా? తాగుడు అలవాటు ఉందా?"

"అయ్యో, లేదు మేడం" అన్నాను. అబద్ధం ఆడలేదు. మా దిక్కు తాగుడంటే బ్రాందీ. ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని తాగే కల్లును ఎవరూ ఆ లెక్కలో వేయరు.

"రోజుకొక్కటి, అన్నం తిన్నంక. రెండు వారాలకు ఎల్.ఎఫ్.టి. అని రక్తం టెస్టు చేయించుకుని రిపోర్టు పట్టుకుని రా. లివర్ చూడకుండ ముందుకు పోవద్దు" అంది. నేను తల ఊపాను. రక్తం గుంజి పైసలు గుంజుతారని మనసులో అనుకున్నాను కూడా.

వారం తిరిగేసరికి దురద పోయింది. మళ్ళీ జగిత్యాల పోవాల్సిన వేళకు సమ్మె మొదలైంది. బస్సులు డిపో దాటలేదు. దుకాణాలు సగం షట్టర్లు వేసుకుని ఉండేవి. తెలంగాణ కోసం మేము బీడీలు చుట్టేవాళ్ళమూ రోడ్డు మీద బైఠాయించాం. గోకుడు లేకుండా అందరిలో కూర్చోగలిగానని సంబరపడ్డ పిచ్చిదాన్ని నేను.

గోలీలు అయిపోతే షాపాయన పాత చిట్టీ చూసి మళ్ళీ ఇచ్చాడు, ఏమీ అడగలేదు. మా ఆయన సిరిసిల్లలోనే చిక్కుకుపోయాడు. ఫోనులో, "మధ్యల ఆపకు. ఆపితే మళ్ల తిరగవెడుతదట" అన్నాడు. టెస్టు ముచ్చట తీశాను. "బస్సులు నడువని, చూద్దాం తియ్" అన్నాడు.

ఆ చాయ్ రంగు చెబితే అత్తమ్మ నుదురు కొట్టుకుంది. "ధర్నాల ఎండకు గూసుంటివి, వేడి జేసింది. ఈతకల్లు తాగితే సల్లవడుతది బిడ్డా." పొద్దునొక సీసా, పొద్దుగూకాక ఒక సీసా. అన్నం దిగకపోయినా కల్లు దిగింది. దాని మీద గోలీ.

అప్పుడు దురద మళ్ళీ వచ్చింది. ఈసారి మచ్చల్లేవు. అరచేతుల్లో, అరికాళ్ళలో, ఒళ్ళంతా చర్మం కింద ఏదో పాకుతున్నట్టు దురద. తామర తిరగబెట్టిందనే అనుకున్నాను, ఇంకేమనుకుంటాను? గోలీలు రోజుకు రెండు చేశాను. కుడి డొక్కలో బరువు మొదలైంది. చాట ముందు కూర్చుంటే వేళ్ళు ఆకు చుట్టేవి కావు. ఒళ్ళు నాది కానట్టుండేది. ఏదో జరుగుతోందని తెలుస్తూనే ఉంది, ఏమిటో తెలియదు. భయమేసింది.

పక్కింటి రాజవ్వ తునికాకు అడగడానికి వచ్చి గడపలోనే నిలబడిపోయింది. "అక్కా, నీ కండ్లేంది గిట్లున్నయ్? పసుపు పూసినట్టు!"

అత్తమ్మ నా రెప్ప కిందికి లాగి చూసింది. కామెర్లకు ఇబ్రహీంపట్నం దిక్కు పసరు పోస్తారు, ఆటో మాట్లాడుకుందామంది. నేను మాత్రం చిట్టీ మీది నంబరుకు ఫోన్ చేశాను. ఆ బుద్ధి ఎట్లా పుట్టిందో నాకిప్పటికీ తెలియదు. డాక్టరమ్మ నన్ను మాట పూర్తి చేయనివ్వలేదు.

"గోలీ ఇప్పుడే ఆపెయ్. పసరు గిసరు తాగకు. ఏది దొరికితే అది ఎక్కి రా."

దారిలో ఒక ఊరి దగ్గర రోడ్డు మధ్యన పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. "బందు దెల్వదా?" అని ఒకాయన ఆటోకు అడ్డం వచ్చాడు. లోపలికి తొంగి నా ముఖం చూసి వెనక్కి తగ్గాడు. "జరుగుండ్రి, జరుగుండ్రి, పేషంటు!" అని అరిచాడు. ఉడుకుతున్న అన్నం గంజును నలుగురు పట్టి పక్కకు జరిపారు. ఒకామె నా వైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చూపుతో నాకు చావు గుర్తొచ్చింది.

రిపోర్టులో లివర్ అంకెలు, ఎస్.జి.పి.టి., బిలిరుబిన్, ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉన్నాయి. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. "డ్రగ్ ఇండ్యూస్డ్ హెపటైటిస్. గోలీలు లివర్ను దెబ్బకొట్టినయ్. రోజుకెన్ని వేసుకున్నవు?"

చెప్పాను. తిండి ఏం పోతోందని అడిగితే అత్తమ్మ, "ఏం తింటలేదు మేడం, కల్లు ఒక్కటే తాగుతుంది" అంది.

"తాగుడు లేదన్నవు కదమ్మా!"

"కల్లు తాగుడెట్లయితది?" అని అత్తమ్మే ఎదురు అడిగింది. డాక్టరమ్మకు కోపం వచ్చింది, మళ్ళీ ఏమనుకుందో నుదురు పట్టుకుంది. "నేను గూడ కల్లని పేరు పెట్టి అడగాల్సింది" అంది.

ఆసుపత్రిలో చేర్చుకున్నారు. గోలీ ఆపాము కదా, ఇక తగ్గుతుందనుకున్నాం. తగ్గలేదు. తర్వాతి రిపోర్టు, ఆ తర్వాతిదీ ఇంకా పెరిగాయి. పళ్ళు తోముకుంటే చిగుళ్ళలోంచి రక్తం. అక్కడి పెద్ద డాక్టరు అత్తమ్మను పక్కకు పిలిచి చెప్పాడు. "మనిషి మత్తుగ అయినా, మాట తడబడినా వెంటనే చెప్పాలె. అప్పుడు హైదరాబాదే. దారి ఎట్లుంటదో దేవునికే తెలుసు."

అప్పటినుంచి అత్తమ్మ నన్ను కన్ను మూయనివ్వలేదు. "కట్టకు బీడీలెన్ని?" అనేది. "ఇరవై అయిదు" అనేదాన్ని. "నీ బిడ్డ పేరేంది?" "అఖిల." ఒక మధ్యాహ్నం ఆ పేరు నాలుక మీదికి రాలేదు. వెతుక్కుంటున్నాను. బిడ్డ ముఖం కనబడుతోంది, రెండు జడలు కనబడుతున్నాయి, పేరు లేదు. అత్తమ్మ వార్డంతా దద్దరిల్లేట్టు కేక పెట్టింది. ఆ కేకకే పేరు దొరికింది. దొరికాక ఇద్దరం ఏడ్చాం. కేక విని వచ్చిన డాక్టరు ఇంకో రిపోర్టు చూసి హైదరాబాదు సంగతి చెప్తానన్నాడు.

లారీలో, ఆ తర్వాత పాల వ్యానులో ఎక్కి మా ఆయన వచ్చాడు. ఆ రాత్రంతా మంచం పక్కనే కూర్చున్నాడు. మర్నాడు రక్తం గడ్డకట్టే టెస్టు, పి.టి. అంటారు, కాస్త మెరుగైందని, హైదరాబాదు పోనక్కర్లేదని చెప్పారు. పచ్చదనం కళ్ళలోంచి పోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

ఇప్పుడు నా లివర్ బాగుందంటున్నారు. ఆ గోలీ మాత్రం జన్మలో ముట్టొద్దన్నారు. గోలీ చెడ్డదని నేననను, దాని మీద కన్నేసి ఉంచేవాళ్ళు లేకుండా మింగడం చెడ్డది. మిగిలిన తామరకు డాక్టరమ్మ ఇచ్చిన పూత మందే రాస్తున్నాను, నా తువ్వాలు వేరుగా ఎండలో ఆరేస్తున్నాను. కల్లు మానేశాను. ఆదివారాలు అత్తమ్మ నా ముందు తాగడానికి సిగ్గుపడి పక్కింటికి పోతోంది.

నాలాగా గోలీలు వాడేవాళ్ళకు ఒక్క మాట. మూత్రం రంగు మారినా, అన్నం సయించకపోయినా, మచ్చ లేకుండా దురద పుట్టినా ముందు గోలీ ఆపి డాక్టరుకు చెప్పండి. కారణాలు తర్వాత వెతుక్కోవచ్చు.

నిన్న రాజవ్వ వచ్చింది. నడుము దగ్గర చీర సర్దుకుంటూ, గొంతు తగ్గించి, "అక్కా, నాకు గూడ నీ లెక్కనే లేసింది. నీ చిట్టీ ఉంటే ఇయ్యరాదు? షాపుల తెచ్చుకుంట" అంది.

"చిట్టీ చింపేసిన. పా జగిత్యాలకు, నేనొస్త నీతోని."

"రేపు మళ్ల బందంటున్నరు గదక్కా, బస్సులు నడువయి."

"గట్లయితే బస్సులు నడిచేదాక గోక్కుంట కూసో" అన్నాను. "తామర గోకుడుతోని ఎవ్వలు సావరు."