గోల్‌కీపర్ మోకాలు

మా హాలు తీసేసుకుంటున్నారని నాకు ఎవరూ చెప్పలేదు. ఒక ఆదివారం పొద్దున డ్యూటీకి వెళ్లేసరికి పనివాళ్లు హాలు చెక్క నేలను పలకలు పలకలుగా ఊడబీకి బయట పేరుస్తున్నారు. గోల్ పోస్టులు రెండూ గోడకి ఆనించి ఉన్నాయి. ఎవరు చెప్పారని హిందీలో అడిగితే, వాళ్ల మేస్త్రీ ఆఫీసు వైపు చెయ్యి చూపించి మళ్లీ వంగి పనిలో పడ్డాడు. అతన్ని అని ఏం లాభం? అతనూ నాలాగే కంపెనీ మనిషి.

ఒమన్‌లో ఒక సర్కారు యూనివర్సిటీలో ఆడపిల్లలకి హ్యాండ్‌బాల్ నేర్పేదాన్ని నేను. యూనివర్సిటీ సర్కారుదే గానీ నా జీతం మాత్రం మనుషుల్ని సరఫరా చేసే ఒక కంపెనీ ఇచ్చేది. మా ఆయన ఇబ్రాలో టైల్స్ దుకాణం చూసుకుంటాడు. యూనివర్సిటీ అక్కడికి దూరం, రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. ఆ యూనివర్సిటీ పేరు చెప్పను. ఇలాంటివి వేరే వేరే పేర్లతో అన్ని దేశాల్లోనూ ఉన్నాయి.

ఆ హాలు మాకు ఎందుకు ముఖ్యమో చెప్పాలి. దానికి కిటికీలు పైన ఎత్తులో ఉండేవి. తలుపు వేస్తే లోపల ఆడవాళ్లమే. అమ్మాయిలు పైన వేసుకునే నల్లటి అబాయాలు, తలగుడ్డలు తీసి బెంచీ మీద పడేసి, జుట్టు బిగించి కట్టుకుని, గొంతెత్తి అరుచుకుంటూ ఆడేవాళ్లు. చాలామంది పల్లెల నుంచి వచ్చినవాళ్లు. బయట అంత గట్టిగా నవ్వని పిల్లలు లోపల గోల్ పడితే ఒకరి మీద ఒకరు పడి దొర్లేవాళ్లు. తలుపు దగ్గర మా కడప జిల్లా ఆమె కుర్చీ వేసుకుని కూర్చునేది. ఇళ్లల్లో పనికని వచ్చి, తర్వాత క్లీనింగ్ కంపెనీలో చేరిన మనిషి. మగపురుగు అటు వస్తే ఉర్దూలో తిట్టి పంపించేది.

ఆ సాయంత్రమే మీటింగ్ పెట్టారు. కొత్తగా వచ్చిన స్పోర్ట్స్ డైరెక్టర్ పెద్ద తెర మీద బొమ్మలు వేసి చూపించాడు. విదేశాల్లో చదువుకున్న ఒమనీ ఆయన. మర్యాదస్తుడు, ఎప్పుడూ గొంతు పెంచడు. నాలుగేళ్లలో మన యూనివర్సిటీ పేరు గల్ఫ్ అంతా మోగాలన్నాడు. కొత్త ఫుట్‌బాల్ గ్రౌండు, దాని చుట్టూ మెట్లు, బయటి దేశం నుంచి కోచ్. ఆటలు రెండు రకాలని చెప్పాడు. ముందుకు తీసుకుపోవాల్సినవి కొన్ని, సరదాకి ఆడుకునేవి కొన్ని. మగపిల్లల ఫుట్‌బాల్ మొదటి రకం. ఆడపిల్లల హ్యాండ్‌బాల్ రెండో రకం. మా హాల్లో ఫుట్‌బాల్ ఆటగాళ్లకి వ్యాయామ యంత్రాలు, ఫిజియోథెరపీ గది, ఐసు నీళ్ల తొట్టి వస్తాయట. మరి మేమెక్కడ ఆడాలని అడిగాను. పార్కింగ్ పక్కన కోర్టు ఉంది కదా అన్నాడు. అందరూ తల ఊపారు. నాకు మాత్రం చెవుల్లోంచి ఆవిరి వచ్చినట్టయింది.

ఎందుకంటే ఇది నాకు కొత్త కాదు. రాయలసీమలో నేను చదివిన యూనివర్సిటీలో ప్రతి విద్యార్థి దగ్గరా ఆటల ఫీజు వసూలు చేసేవాళ్లు. యూనివర్సిటీల మధ్య పోటీలకి మమ్మల్ని జనరల్ బోగీలో, బాత్రూమ్ పక్కన నిలబెట్టి పంపారు. అక్కడ ఒక స్కూలు వరండాలో దుప్పట్లు పరుచుకుని పడుకున్నాం. తిరిగొచ్చి దిగగానే ట్రాక్‌సూట్లు విప్పించి వెనక్కి తీసుకున్నారు, వచ్చే ఏడాది జట్టుకి ఇవ్వాలని. అదే ఏడాది ఇండోర్ స్టేడియం కట్టారు. నేను చదివినన్నాళ్లూ అందులో పరీక్షలు జరిగాయి, స్నాతకోత్సవం జరిగింది, మంత్రులు వస్తే సభలు జరిగాయి. బంతి మాత్రం పడలేదు. నేల పాడవుతుందట. ఈ మధ్య పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది, గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఉదారంగా విరాళాలు ఇచ్చి కొత్త క్రీడా సముదాయానికి తోడ్పడాలని. ముందు పాతదాని తాళం తియ్యండని రాశాను. నన్ను గ్రూపులోంచి తీసేశారు.

సరే, పార్కింగ్ పక్కన కోర్టులో మొదలుపెట్టాం. సిమెంటు నేల. అక్టోబరులో కూడా సాయంత్రం నాలుగింటికి పెనంలా కాలుతుంది. చుట్టూ వల కంచె తప్ప చాటు లేదు, కార్లు పెట్టుకునేవాళ్లందరికీ కనిపిస్తుంది. అమ్మాయిలు పొడుగు చేతులు, తలగుడ్డలు, మోకాళ్ల కిందిదాకా చొక్కాలు వేసుకుని ఆ ఎండలో పరిగెత్తారు. ముగ్గురిని ఇళ్లల్లో వద్దన్నారు. వాళ్ల తల్లిదండ్రుల్ని నేను తప్పుపట్టను. మూసిన హాలని చెప్పి ఒప్పించింది నేనే.

మిగిలినవాళ్లకి ధైర్యం మా గోల్‌కీపరే. కెప్టెన్ కూడా తనే. పొడుగు పిల్ల, మాట తక్కువ. తండ్రి వాళ్ల ఊళ్లో స్కూలు బస్సు నడుపుతాడు. చెక్క నేల మీద ఎలా పడాలో తనకి నేనే నేర్పాను, భుజం మీద దొర్లి లేవాలని. సిమెంటు మీద అలా పడొద్దని రోజూ చెప్పేదాన్ని. కానీ బంతి వస్తుంటే కీపర్ ఆగుతుందా? ఫిబ్రవరిలో ఒక మంగళవారం కుడివైపు దూకింది. బంతిని ఆపింది. పాదం సిమెంటుకి పట్టుకుపోయి మోకాలు మెలిపడింది. టప్‌మన్న చప్పుడు నాకు అవతలి కొసకి వినిపించింది. ఆ పిల్ల బంతిని పొట్టకి హత్తుకుని అలాగే పడుకుంది.

మస్కట్ సర్కారు ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. బాగానే చేశారు. పైసా తీసుకోలేదు. డాక్టరమ్మ మాత్రం గట్టిగా చెప్పింది, ఆపరేషన్ సగమే, నెలల తరబడి ఫిజియోథెరపీ చేయిస్తేనే కాలు వంగుతుంది, ప్రతిసారీ ఇంతదూరం రాలేవు గనక దగ్గర్లో చూసుకోమని. దగ్గర్లో అంటే ఇంకెక్కడ? మా పాత హాల్లోనే కొత్త గది, కొత్త యంత్రాలు, జీతమిచ్చి పెట్టుకున్న ఫిజియో. చంకకర్రలతో ఆ అమ్మాయి వెళ్తే తలుపు దగ్గరే ఆపేశారు. ఆపింది ఎవరో కాదు, మా కడప ఆమె. ఇప్పుడు ఆమెకి అక్కడే డ్యూటీ, ఫుట్‌బాల్ కార్డు ఉన్నవాళ్లని తప్ప పంపొద్దని ఆర్డరు.

మధ్యాహ్నం నన్ను వెతుక్కుంటూ వచ్చింది. డ్యూటీలో ఎప్పుడూ మేడమ్ అనే మనిషి, ఆ రోజు అక్కా అంది.

"అక్కా, ఆ పాప ఆడుకున్న హాలు తలుపు దగ్గరే ఆ పాపని నా చేత ఆపిచ్చినారు. పంపితే నా పని పోతాది. మొగం జూస్తే కడుపు తరుక్కపోయింది."

ఆమె మీద కోపం రాలేదు నాకు. ఆ పని ఆమె చేత చేయించినవాళ్ల మీద వచ్చింది. నేరుగా డైరెక్టర్ గదికి వెళ్లాను. ఆయన లేచి నిలబడి కుర్చీ చూపించాడు. నాకోసం ఖహ్వా, అంటే వాళ్ల కాఫీ, పోసి, ఖర్జూరాల పళ్లెం ముందుకి జరిపాడు. పొద్దుటిపూట మగపిల్లలు క్లాసుల్లో ఉంటారు, ఆ గది ఖాళీ, ఆ సమయంలో ఆ అమ్మాయిని రానివ్వండి అన్నాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారన్నాడు. స్పాన్సర్ ఇచ్చిన డబ్బు ఫుట్‌బాల్ కోసమన్నాడు. వచ్చే ఏడాది బడ్జెట్‌లో చూద్దామన్నాడు.

"టీచర్, మీరు ఒక అమ్మాయి గురించి ఆలోచిస్తున్నారు. నేను యూనివర్సిటీ మొత్తం గురించి ఆలోచించాలి."

"ఆ అమ్మాయి యూనివర్సిటీలోది కాదా సార్?"

నవ్వాడు. ఖహ్వా చల్లారిపోతుంది తాగండి అన్నాడు. తాగాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తర్వాతి వారం కొత్త గ్రౌండు ప్రారంభోత్సవం అన్నారు. పెద్దవాళ్లెవరో మస్కట్ నుంచి వస్తున్నారని దారి పొడుగునా జెండాలు కట్టారు. బస్సు దిగేసరికి మెయిన్ గేటు మీద మేడంత బ్యానరు కనిపించింది. దాని మీద మా గోల్‌కీపర్. రెండు చేతులూ చాచి గాల్లో ఉంది, బంతి వేళ్లకి తగులుతోంది. పార్కింగ్‌లోంచి ఎవరో తీసిన ఫోటో. సిమెంటు కోర్టుని, కంచెని కత్తిరించేసి వెనకాల స్టేడియం దీపాలు అతికించారు. కింద అరబ్బీలో, ఇంగ్లీషులో రాశారు, మా అమ్మాయిలు మా గర్వం అని. దాని కిందే చాలాసేపు నిలబడిపోయాను. గార్డు వచ్చి ఒంట్లో బాలేదా అని అడిగాడు.

ఆ అమ్మాయికి చెప్పింది నేను కాదు. తోటి పిల్లలు అప్పటికే ఫోటో తీసి పంపారు. మర్నాడే తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయనకి కాళ్లదాకా తెల్లటి దిష్‌దాషా అంగీ, చేతిలో సన్నటి కర్ర, నెరిసిన గడ్డం. చిన్నప్పుడు ఖురియాత్‌లో చేపల పడవల మీద మనవాళ్లతో పనిచేసి హిందీ నేర్చుకున్నాడట, నాతో హిందీలోనే మాట్లాడాడు. మీరూ రండి, కాలు సంగతి మీకు తెలుసు కదా అన్నాడు. ముగ్గురం డైరెక్టర్ గదికి వెళ్లాం.

లోపల తండ్రి అరబ్బీలో నెమ్మదిగా మాట్లాడాడు. నాకు కొంత అర్థమైంది, మిగతాది తర్వాత ఆ అమ్మాయి చెప్పింది. మా ఇంటి ఆడపిల్ల ఫోటో గేటు మీద పెట్టేముందు నన్నెవరూ అడగలేదు, ఆ కాలికి దెబ్బ తగిలినప్పుడూ ఎవరూ మా ఇంటికి రాలేదు అన్నాడట. డైరెక్టర్ మొహం పాలిపోయింది. అమ్మాయి ఫోటో ఇంట్లోవాళ్ల ఒప్పుకోలు లేకుండా పెట్టడం ఇక్కడ ఎంత తప్పో ఆయనకి తెలుసు. క్షమించమని రెండుమూడుసార్లు అన్నాడు. వెంటనే ఫోన్ తీసి బ్యానరు దించమని చెప్పబోయాడు. మోకాలి గురించి వారం రోజులు ఆలోచించలేకపోయిన మనిషి బ్యానరు గురించి నిమిషంలో ఆలోచించగలిగాడు. 

అప్పుడు ఆ అమ్మాయి మాట్లాడింది. నాకు కూడా అర్థం కావాలని ఇంగ్లీషులో.

"దించొద్దు సార్. ఆ ఫోటోలో ఉన్న కాలు ఇదే. ఆ గది తలుపు దీనికి తెరవండి. మా టీమ్‌లో ఎవరికి దెబ్బ తగిలినా తెరవండి. అప్పుడు మా నాన్నను నేను ఒప్పిస్తాను."

తండ్రి కూతురి వైపు తిరిగి చూశాడు. ఆ పిల్ల అలా మాట్లాడుతుందని ఆయనా అనుకోలేదేమో. కర్ర పక్కన పెట్టి, ఆమె మాటే నా మాట అన్నాడు.

ఒప్పుకున్నాడు డైరెక్టర్. ఒప్పుకోక ఏం చేస్తాడు, రెండు రోజుల్లో ప్రారంభోత్సవం. మర్నాడు పొద్దున నుంచి ఆ అమ్మాయి లోపలికి వెళ్లింది. కడప ఆమె తలుపు బార్లా తెరిచి, కుర్చీ తెచ్చి వేసి, చుట్టుపక్కల మగపిల్లలెవరూ లేకపోయినా అటూ ఇటూ చూసి ఎవరినో తిట్టింది. చీలమండ బెణికిన ఇంకో ఇద్దరు మా పిల్లలు కూడా వెళ్లారు. ఫిజియో మంచివాడు, కడప ఆమెని పక్కన కూర్చోబెట్టుకునే చూసేవాడు. ఊరికే కూర్చుని జీతం తీసుకోవడం నాకూ బాధగానే ఉంది టీచర్ అన్నాడు.

ఆ సెమిస్టర్ అయ్యేదాకా సాగింది. సెలవులు అయి తిరిగొచ్చేసరికి తలుపు మీద కొత్త కాగితం, మళ్లీ ఫుట్‌బాల్ కార్డులే. అప్పటికి ఆ అమ్మాయి మోకాలు పూర్తిగా వంగుతోంది, అంతవరకు దక్కింది. నాకు కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. యూనివర్సిటీవాళ్లు మనిషిని మార్చమన్నారు, మస్కట్‌కి అవతల బర్కాలో పని ఉంది వెళ్తావా అని. ఇల్లు ఇబ్రాలో, పని బర్కాలో అయితే రోజూ ఎలా పోయి రాను? కారణం ఏమిటని అడిగితే కంపెనీలో అమ్మాయి కాగితం చూసి చదివినట్టు, మీ సేవలు సంతృప్తికరం అంది. మానేశాను.

టీమ్ లేదిప్పుడు. కొందరు మస్కట్‌లో ఒక మహిళా క్లబ్బులో ఆడుతున్నారు, కొందరు మానేశారు. డైరెక్టర్‌కి ఇంకా పెద్ద పదవి వచ్చింది, వెళ్లిపోయాడు. ఆయన చోట వచ్చినవాడు కూడా పెద్ద తెర మీద బొమ్మలు వేశాడని కడప ఆమె ఫోన్ చేసి చెప్పింది. ఈసారి ఈత కొలనట.

గోల్‌కీపర్ మళ్లీ గోల్‌లో నిలబడలేదు. డిగ్రీ అయ్యాక వాళ్ల ఊళ్లోనే సర్కారు ఆడపిల్లల స్కూల్లో పీటీ టీచరుగా చేరింది. పోయిన నెల నన్ను రమ్మంటే మా ఆయన కారులో తీసుకెళ్లాడు. వెనక పెరట్లో ఎండలో పిల్లల్ని వరసగా నిలబెట్టి భుజం మీద దొర్లి లేవడం నేర్పుతోంది. ఇంటి నుంచి తెచ్చిన పాత పరుపులు కింద పరిచింది. ఒక్కో పిల్ల లేచి దుమ్ము దులుపుకుని మళ్లీ వరసలోకి వస్తోంది.

హెడ్మిస్ట్రెస్ టీ తెప్పించింది. మంచి మనిషి. ఇక్కడ హాలు లేదండీ, అంత పెద్ద కోరికలు మాకు లేవు, పెరటి మీద ఒక రేకుల షెడ్డు వేయిస్తే చాలని పైవాళ్లని అడిగాం అని ఇంగ్లీషులో అంది. నాకు ఒక్కసారిగా పాత మంటంతా పైకొచ్చింది. పరాయి దేశంలో, పరాయి స్కూల్లో, చేతిలో టీ కప్పుతో కూర్చుని ఆవిడ మీద దాదాపు అరిచినంత పని చేశాను.

"షెడ్డు ఎందుకు అడిగారు మేడమ్? హాలే అడగండి. తలుపులున్న హాలు."

ఆవిడ నొచ్చుకోలేదు. కూర్చుని అర్జీ మళ్లీ రాద్దాం, మీరు కూడా ఉండండి అంది. మా ఆయన బయట కారు దగ్గర ఎదురుచూస్తున్నాడు. ఇంకా ఆలస్యమవుతుందని ఫోన్ చేసి చెప్పాను.