నేను వంకర తీసేసిన అణువు

ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసేవాళ్లకు వంకర పడదు. కర్ర ఎండేటప్పుడు కాస్త మెలి తిరిగినా ఆకురాయితో అరగదీసి సాపు చేస్తాం. నా చేతులకు ముప్పై ఏళ్లుగా అదే అలవాటు. అక్షరాలు మాత్రం యాభై దాటాక, సాయంత్రం బడిలో నేర్చుకున్నాను.

మా అమ్మాయి రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. ఫోన్ తెరల్లో వెలుగునిచ్చే పదార్థాల కోసం కొత్త అణువులు ఎలా ఉండాలో గీసి, తయారుచేయడం దాని పని. మొదట చేసిన అణువు ద్రవంలో కలిపితే పచ్చగా వెలిగింది. పొడి చేస్తే ఆరిపోయింది. ఇంకో ఆకారం గీసుకుంది. దానికి వాళ్ల సారు ఒప్పుకోకపోతే రెండేళ్ల పని వదిలేసి వేరే అంశం పట్టుకోవాలి. సారుకు చూపడానికి నాలుగు నమూనాలు చెక్కమని కాగితం నా చేతికిచ్చి, ఆత్మకూరులో స్నేహితురాలి పెళ్లికి పోయింది.

కాగితం మీద ఆరు మూలల బిళ్లలు మూడు, వరసగా అతికి ఉన్నాయి. నడిమి బిళ్ల ఏటవాలుగా తిరిగి ఉంది. పక్కన "ఇక్కడ మెలిక ఉండాలి" అని బాణం గీసి రాసింది. చదివాను. నర్ది కర్రతో అలాగే చెక్కాను కూడా. తీరా చూస్తే తిప్పి పంపే సరుకులా కనిపించాయి. నాలుగింటినీ సాపు చేసేశాను.

మర్నాడు పొద్దున వచ్చి చూసి నెత్తి పట్టుకుంది.

"ఏందిమా ఇది? మెలిక ఏదీ?"

"వంకరగా ఉండాదని తీసేసినా. ఎంత నున్నగా వచ్చినాయో చూడు."

"రాసినా కదా! చదవలేదా?"

"చదివినా. నువ్వే తప్పు గీసినావనుకున్నా."

"ఇంక డాక్టరేట్ నీకే ఇయ్యాల."

నాలుగింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చింది. సందు లేకుండా కూర్చున్నాయి.

"పొడిలో ఇట్లానే అతుక్కుంటాయిమా. అప్పుడు వెలుగు బయటికి రాకుండా లోపలే వేడిగా పోతాది. మెలిక ఉంటే దగ్గరికి చేరలేవు."

మధ్యాహ్నం బస్సుకే అది తిరిగి సారు దగ్గరికి పోవాలి. అన్నం కూడా తినకుండా ఇంకో నాలుగు చెక్కాను. కావాలని వంకర పెట్టడం నాకు అదే మొదలు. పేర్చబోతే జారి పడ్డాయి.

"నిలవడంలేదే!"

"నిలవకూడదు" అని నవ్వింది.

సాపువి పొయ్యిలోకని పక్కన పెడితే, "ఇయ్యీ కావాల" అని సంచిలో వేసుకుంది.

సారు ముందు మొదట సాపువి పేర్చిందట, తర్వాత మెలికవి. చేసి చూడమన్నాడట. సాపువి నాలుగూ తరగతిలో చూపడానికని తన దగ్గరే ఉంచుకున్నాడట. మెలికవి అమ్మాయి బల్ల మీద ఉన్నాయి. ఆ కొత్త అణువు పొడి మాత్రం ఇంకా తయారవలేదు.