రెక్క మీద పెట్టిన వేగం గీతలు

మా మరిది తుకుం పేటలో మా బట్టల దుకాణం వెనక గోదాములో ఇద్దరు పట్టే చిన్న విమానం కట్టాడు. బయటి దేశాల సరుకు అప్పుడప్పుడే బజారుకు వస్తున్న రోజులు. ఇంజన్ బొంబాయి నుంచి తెప్పించుకున్నాడు. రెక్కలకు గుడ్డ కుట్టింది మాత్రం నేనే.

"దిగేటప్పుడు నా కండ్లు నేల మీదుంటయ్ వదినా. వేగం నువ్వు వెనక కూసోని చదవాలె. మొదటిసారి లేచేది మనిద్దరమే" అన్నాడు. నేను మూడో తరగతి దాటలేదు గానీ, దుకాణంలో కూర్చుని అంకెల్లో ఎన్నడూ తప్పలేదు.

వేగం చూపేది పెద్ద యంత్రమేమీ కాదు. స్ప్రింగుకు తగిలించిన పల్చటి రేకు. ఎదురుగాలికి వెనక్కి వాలుతుంది. పక్కనున్న పలక మీద గీతను బట్టి వేగం తెలుస్తుంది. ఆ గీతలు పెట్టడానికి గాలి లేని పొద్దుట పూట రాజురా రోడ్డు మీద జీపులో తిరిగేవాళ్ళం. అతను మీటరు చూసి "నలభై" అనేవాడు. నేను కర్రకు కట్టిన రేకును బయటికి చాపి, అది నిలిచిన చోట పెన్సిలుతో గీసేదాన్ని. భుజం లాగేసేది.

"భయమైతుందా వదినా?"

"గాలికి కాదు, నీ నడుపుడుకు."

రెక్కకు బిగించే రోజు సూది దారం పట్టుకుని గోదాముకు పోయాను. బోల్టుల కోసం కోసిన చోట గుడ్డ మళ్ళీ కుట్టాలి. రేకు అప్పటికే బిగించి ఉంది. వెనక సీట్లో కూర్చుని చూశాను. రెక్కకు ఆసరాగా నిలిపిన కడ్డీ అడ్డం. గీత ఒక్కటీ కనబడలేదు.

"ముందుకెందుకు జరిపినవ్? నాకు కనబడ్తలేదు."

"నాకు కనబడితే చాలు."

"మరి నేను చదివేది?"

పానా కింద పెట్టి, మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "అన్న వద్దన్నడు. ఆడమనిషి ఎక్కితే బజార్ల ఏమంటరు అన్నడు."

"ఎప్పుడన్నడు?"

"హోలీ నాడు."

హోలీ పోయి పది రోజులు. "మరి నిన్న పొద్దుగాల గూడ నన్నెందుకు తిప్పినవ్?"

"గీతలు కాలే గద వదినా. వేరేటోల్లకు చెయ్యి నిలవది."

ఆ పది రోజులూ మా ఆయన నేను వడ్డించిన అన్నమే తిన్నాడు. జీపు ఎక్కుతుంటే చెవులకు గుడ్డ కట్టుకోమని కూడా చెప్పాడు. ముందే వద్దంటే పోట్లాడేదాన్ని, ఏడ్చేదాన్ని, ఆ తర్వాత గీతలు ఎలాగూ పెట్టి ఇచ్చేదాన్ని. ఇన్నేళ్ళు ఒక్క ఇంట్లో ఉండి ఆ మాత్రం వాళ్ళకు తెలియలేదు.

కోసిన చోటు అలాగే వదిలితే గాలి దూరి రెక్క గుడ్డంతా చీలిపోతుంది. కూర్చుని కుట్టాను. ఇంతలో ఆయన దుకాణంలోంచి వచ్చాడు.

"ఎప్పుడు లేపుతవ్ రా?"

"ఆదివారం, అన్నా."

ఇద్దరూ రెక్క వైపే చూస్తూ మాట్లాడుకున్నారు. నేను దారం తెంపి లేచాను.

"ఆదివారం నేనుండ. రాజురాకు, మా తల్లిగారింటికి పోత" అన్నాను.

అప్పుడు ఇద్దరూ నా వైపు తిరిగారు.