సిత్రాలో ఖాళీ అయిన తరగతి

1984 సెప్టెంబరులో, బహ్రెయిన్ రాజధాని మనామాలోని ఒక ప్రైవేటు శిక్షణ సంస్థలో ఆంగ్ల బోధకుడినైన నాకు, కొత్త ఉపాధ్యాయుల పర్యవేక్షణ కూడా అప్పగించారు. కొత్తవారికి మూడు నెలల ప్రొబేషన్. ఆ గడువులో రెండుసార్లు తరగతి వెనుక కూర్చొని పాఠం చూచి, డైరెక్టరుకు నివేదిక వ్రాయాలి. అది ప్రతికూలమైతే వీసా రద్దయి తిరుగు టిక్కెట్టు చేతికి వచ్చేది.

నాకు అప్పగించిన మొదటివాడు సుధాకర్. కాకినాడవాడు, ఎం.ఏ. ఆంగ్లంలో ప్రథమశ్రేణి, వయస్సు ఇరవైమూడు. స్వస్థలంలో లెక్చరరు ఉద్యోగం దుర్లభమైన పట్టభద్రులకు విదేశంలో ఆంగ్లం చెప్పడం ఒక జీవికగా కనబడసాగిన కాలమది. అతనికి సిత్రా దీవిలో చమురు పనులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీ తరగతి ఇచ్చాము. పన్నెండుగురు బహ్రెయినీ పంపు ఆపరేటర్లు డ్యూటీ దిగి మూడింటికి వచ్చేవారు. పని మొదలుపెట్టే ముందు తీసుకోవలసిన అనుమతి పత్రాలు, ప్రమాద సూచనలు చదవగలగడమే వారికి కావలసిన ఆంగ్లం. మొదటి నివేదికలో నేను అతని ఉచ్చారణను, క్రమశిక్షణను మెచ్చుకొన్నాను.

రెండవ నెలలో అతడు అబూ యూసుఫ్ అనే ఆపరేటరును లేపి ఒక ప్రమాద సూచన చదవమన్నాడు. ఆయన యాభై దాటినవాడు, ఆ గదిలో సగంమందికి పని నేర్పినవాడు. తడబడ్డాడు. సుధాకర్ మన బళ్లలోని రీతిగా ఆయనను నిలబెట్టే ఉంచి, అదే తరగతిలోని ఆయన మేనల్లుణ్ణి లేపి చదివించి, ఇక మీ మామయ్యకు నువ్వే నేర్పు అన్నాడు. చమత్కారమనుకొన్నాడు. ఎవరూ నవ్వలేదు.

మరునాడు తరగతికి ఒక్కరూ రాలేదు. ఆ మరునాడూ అంతే. కంపెనీవారు ఫోను చేశారు. వారంలో తరగతి నిండకపోతే సుధాకర్‌ను పంపివేయవలసి ఉంటుందని డైరెక్టరు నాతో అన్నాడు.

ఆ సాయంత్రమే అతడు మహూజ్‌లోని నా ఫ్లాటుకు వచ్చాడు.

"తిట్టానా, కొట్టానా మాస్టారూ? తప్పు చదివితే తప్పనక ఏమనాలి?"

"తప్పు దిద్దితే ఊరుకొనేవాడేనోయ్. కుర్రవాడి చేత దిద్దించావు."

అంటూండగానే నా గొంతు తగ్గింది. నేను చూచిన పాఠంలోనూ అతడు ఇద్దరిని అలాగే నిలబెట్టాడు. నేను చదువుకొన్నదీ అలాగే కనుక, దానినే క్రమశిక్షణ అని వ్రాశాను.

శుక్రవారం ఇద్దరం అబూ యూసుఫ్ మజ్లిస్‌కు, అంటే అతిథులు కూర్చొనే గదికి వెళ్లాము. గోడల వెంబడి పదిమంది కూర్చొని ఉన్నారు. పిడిలేని చిన్న కప్పులలో కాఫీ పోశారు. చాలునన్నప్పుడు కప్పును కొంచెం ఊపి ఇవ్వడం అక్కడి ఆచారం. సుధాకర్‌కు అది తెలియదు. పోస్తూంటే వద్దనడం అమర్యాద అని మన పెంపకం. నాలుగు కప్పులు త్రాగాడు. ఐదవది పోశారు. నేను తెలుగులో చెప్పబోయేలోగా, ఎదుట కూర్చొన్న అబూ యూసుఫ్ అతని చూపు అందుకొని, తన కప్పును రెండుసార్లు ఊపి ఇచ్చివేశాడు. సుధాకర్ ఐదవది ముగించి అలాగే చేశాడు. గదిలో మాటలు ఆగలేదు. మరెవరూ గమనించనైనా లేదు.

సుధాకర్ క్షమాపణకు నోరు తెరవగా ఆయన ఆపాడు. "ఖలాస్, ఉస్తాద్," అంటే అయిపోయిందిలే మాస్టారూ అని, ఆపైన హిందీలో, "ఇంత కాఫీ త్రాగావు, ఈ రాత్రి నీకు నిద్ర ఉండదు. శనివారం పాఠం రెండుసార్లు చదువుకో," అన్నాడు. అప్పుడు అందరూ నవ్వారు.

శనివారం తొమ్మండుగురు వచ్చారు; మరి రెండు రోజులకు పన్నెండుగురూ వచ్చారు. సుధాకర్ ఎవరినీ లేపలేదు. బల్లల మధ్య తిరుగుతూ, ఒక్కొక్కరి పక్కన వంగి, వారికి మాత్రమే వినబడేటట్లు దిద్దాడు. రెండవ నివేదికలో ఆ మార్పును, దానితోపాటు మొదటి నివేదికలోని నా పొరపాటును వ్రాశాను. ప్రొబేషన్ ముగిసి అతని ఉద్యోగం ఖాయమైంది.

ఆ తరువాత ఉద్యోగార్థులను ఇంటర్వ్యూ చేసేటప్పుడు, మీకంటె పెద్దవాడు తప్పు చదివితే ఏమి చేస్తారని మొదట అడిగేవాడిని. వ్యాకరణం ఆ తరువాత. పట్టా ఈ వృత్తికి ప్రవేశార్హత మాత్రమే. పరదేశంలో వయోజనులకు చదువు చెప్పడం వేరే పని, దానిని విడిగా నేర్చుకోవాలి. ఆ పనిని పరీక్షించవలసిన నేను కూడా అప్పటికి నేర్చుకోలేదనడానికి మొదటి నివేదిక క్రింద నా సంతకమే సాక్ష్యం.