ముప్పయ్యయిదు దాటని మాస్టారు

జీవానందం మాస్టారు దేనికైనా మార్కులు వేసేవారు. అల్లూరు మిషన్ బడిలో ముప్పయ్యేళ్లు వేసీ వేసీ, రిటైరయ్యాక కూడా ఆయన చెయ్యి ఊరుకోలేదు. ఆదివారం పాస్టరుగారి ప్రసంగానికి ముప్పై, భార్య ఎలిశబెతమ్మ గారి చేపల పులుసుకు ముప్పయ్యయిదు. ఆయన దగ్గర ముప్పయ్యయిదు దాటినవాళ్లు లేరు.

"పెళ్లయి నలభయ్యేళ్లు. నా పులుసు ఇంకా పాసుమార్కు కాడే ఉడకతా ఉండాది," అని ఆమె సణిగేది.

"ఫెయిలు కాలేదు గదా, సంతోషించు," అని ఆయన ముక్కుపొడుం పీల్చేవారు.

పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో మాట. నల్లమందు తినే అలవాటును దేశంలో రూపుమాపాలని ఢిల్లీలో పథకం వేశారు. దాన్ని సమీక్షించడానికి మా వైపు ఒక కమిటీ పుట్టింది. పథకం నూట పన్నెండు పేజీలు. మా వైపు సర్కారు ఇచ్చిన కార్డు మీద నల్లమందు కొనుక్కునేవాడు మాత్రం ఒక్కడే, వలలు లాగి లాగి నడుము పడిపోయిన ఆదెయ్య. కమిటీలో మాస్టారు సభ్యులు, నేను గుమాస్తాని.

పథకం అమలు చూసే ఆబ్కారీ ఇన్‌స్పెక్టరు పద్మనాభయ్య గారు రాసిన నివేదిక పట్టుకుని మాస్టారింటికి వెళ్లాను. 'పథకం సంపూర్ణ విజయం. వాడేవారు: సున్న.' మిగతా సభ్యులు చదవకుండానే సంతకాలు పెట్టేశారు. మాస్టారి సంతకం కూడా పడితే ఆదెయ్య కార్డు రద్దు, ఇన్‌స్పెక్టరు గారికి ప్రమోషను.

"సున్న ఎట్టా వచ్చిందిరా?"

"కార్డు రద్దు చేస్తే జాబితాలో ఇంకెవరూ ఉండరు గదా సార్."

"అంటే రోగం తగ్గించలా, జాబితా తగ్గించినారు." ఎర్రసిరాతో పన్నెండు మార్కులు వేశారు. "మళ్లా రాసుకోని రమ్మను."

మరుసటి నెల ఇన్‌స్పెక్టరు గారు రంగు పెన్సిళ్లతో పటం గీయించి జత చేశారు. పద్దెనిమిది వచ్చాయి. ఆపై నెల బడిపిల్లలతో ఊరేగింపు తీయించారు. జెండా పట్టుకోవడానికి పెద్దమనిషి దొరక్క ఆదెయ్యకే ఇచ్చారు. అతను నల్లమందు వేసుకుని మహా హుషారుగా ముందు నడిచాడు.

"ఊరేగింపు బాగుండాది. ఇరవై రెండు," అన్నారు మాస్టారు. "వాడి నడుం నొప్పికి ఏం మందు ఇస్తారో మాత్రం యే పేజీలోనూ లేదే!"

చివరికి ఇన్‌స్పెక్టరు గారే వచ్చి పడ్డారు. "నేను గవర్నమెంటు ఉద్యోగినా, మీ అయిదో క్లాసు పిల్లోణ్ణా సార్?"

"మా అయిదో క్లాసు చదివుంటే ఇట్టా రాసుండరు," అన్నారు మాస్టారు.

మాస్టారికి చాదస్తం ముదిరిందని ఊరంతా అనుకుంది. అందరికంటే ఎక్కువ నేనే అనుకున్నాను. నెలనెలా కాలికి బలపం కట్టుకుని తిరిగింది నేను గదా.

ఎనిమిదో నెల చెప్పకుండా పొద్దున్నే వెళ్లాను. వరండాలో ఆదెయ్య బోర్లా పడుకుని ఉన్నాడు. ఎలిశబెతమ్మ గారు అతని నడుముకి వేడి ఇసక మూటతో కాపడం పెడుతున్నారు. మాస్టారి ముందు కంసాలి త్రాసు ఉంది. దాని రెండు తట్టలూ ఖాళీ.

"ఏంది సార్ ఇది?"

"మొదట్లో వీడికి రోజుకి ఎనిమిది గురివింద గింజలెత్తు నల్లమందు కావాల. ఒక్కసారిగా ఆపితే మనిషి దక్కడని ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. నెలకో గింజ తగ్గిస్తా వచ్చినాం. కార్డు పోతే తగ్గించడానికి మందేడ దొరకతాది?"

నాకు సిగ్గేసింది. మాస్టారు నా సంచిలోంచి మొదటి నివేదికే లాక్కుని, పన్నెండు కొట్టేసి ముప్పయ్యయిదు వేసి సంతకం పెట్టారు. "ఈ సున్న ఇప్పుడు నిజమైంది. తీసకపో."

తర్వాత పలక తీసి ఆదెయ్య పేరు రాసి, పక్కన తొంభై తొమ్మిది వేశారు. ఎలిశబెతమ్మ గారు ఇసక మూట కింద పడేశారు.

"నా నలభయ్యేళ్ల పులుసుకి ముప్పయ్యయిదూ, వీడి ఎనిమిది నెలలకి తొంభై తొమ్మిదా!"

ఆమెని చల్లార్చడానికి నేను అందుకున్నాను. "అయినా ఆ ఒక్క మార్కూ ఎందుకు కోసినారు సార్?"

ఇంతలో ఆదెయ్య ఇల్లదిరేలా మూడు తుమ్ములు తుమ్మాడు.

"నా పొడుం డబ్బా ఏడుండాదో వాణ్ణడుగు," అన్నారు మాస్టారు.